ఒక కంటికి కట్టు కట్టాక సూది గురి తప్పుతోంది, బస్సు కిటికీలోంచి మాత్రం అంతా మామూలుగానే ఉంది: ఎందుకు?

ప్రశ్న: మగ్గం పని చేసే పాఠకురాలు

అందరికీ నమస్కారం. నేను పద్నాలుగేళ్లుగా ఇంటి దగ్గరే మగ్గం వర్క్ చేస్తున్నాను. మూడు వారాల క్రితం ఒక ఉదయం లేచేసరికి ప్రతి వస్తువూ రెండుగా కనిపించింది. షుగర్ వల్ల ఎడమ కంటిని బయటివైపుకు తిప్పే కండరానికి వెళ్లే నరం బలహీనపడిందని, ఎక్కువమందికి కొన్ని నెలల్లో అదే కోలుకుంటుందని, అంతవరకు ఆ కంటికి కట్టు పెట్టుకుంటే రెండుగా కనిపించే బాధ ఉండదని డాక్టరుగారు చెప్పారు. కట్టు పెట్టుకున్న తరువాత ఆ బాధ పోయింది గాని, చేతి పని మాత్రం చెడింది.

పళ్లెంలోని పూసను సూది మొనతో ఎత్తుకోవడం నాకు ఇన్నేళ్లలో చూసి చేసే పనే కాదు. ఇప్పుడు సూది పూసకు ఇవతలే ఆగుతోంది, లేదా దాన్ని దాటిపోయి పళ్లేన్ని గుచ్చుతోంది. చెంబులోని నీళ్లు గ్లాసులో పోయబోతే గ్లాసు అంచు మీద పడుతున్నాయి. అయితే నిన్న బస్సులో పక్క ఊరికి వెళ్తూ కిటికీలోంచి చూస్తే పొలాలు, తాడిచెట్లు, వాటి వెనక కొండలు ఏవి దగ్గరో ఏవి దూరమో స్పష్టంగా తెలుస్తూనే ఉన్నాయి. రెండు కళ్లతో చూసినప్పటి చూపుకూ ఇప్పటి చూపుకూ అక్కడ తేడా ఏమీ కనిపించలేదు.

ఒక కన్ను మూసినందువల్ల ముందువెనకలు తెలియడం పోయిందంటే, లోకమంతా గోడకు అంటించిన బొమ్మలా కనిపించాలి కదా. అలా కాకుండా చేతి దగ్గర మాత్రమే ఎందుకు పోయింది? మెదడు దూరాన్ని అసలు ఎలా కొలుస్తుందో తెలిసినవారు వివరించగలరని ప్రార్థన.

సమాధానం: ఆప్టోమెట్రీ బోధించే అధ్యాపకుడు

మీరు గమనించిన తేడా నిజమైనదేనండీ. కంటి వెనక రెటీనా మీద పడే బొమ్మకు పొడవు, వెడల్పు తప్ప లోతు ఉండదు; రెండు కళ్లూ తెరిచి ఉన్నా అంతే. వస్తువుల ముందువెనకలను మెదడు ఆ చదును బొమ్మల నుంచి అనేక ఆనవాళ్ల సాయంతో లెక్కగట్టుకుంటుంది. కట్టు వల్ల మీకు పోయింది వాటిలో ఒక ఆనవాలు మాత్రమే, కాని చేతికందే దూరంలో అన్నిటికన్నా పదునైనది అదే.

దాన్ని మీ ఇంట్లో ఎవరి చేతనైనా ఇలా చేయించి చూడండి. చూపుడు వేలిని ముఖానికి ఒక జానెడు దూరంలో నిలబెట్టి, పెరట్లోని చెట్టు వైపు చూస్తూ ఒకసారి కుడి కన్ను, ఒకసారి ఎడమ కన్ను మూయమనండి. వేలు చెట్టు ముందు అటూ ఇటూ గెంతుతుంది. పెద్దవారిలో రెండు కళ్ల మధ్య సుమారు 63 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది కాబట్టి రెండు కళ్లకూ అందే బొమ్మలు కొద్దిగా వేరు. ఆ కొద్ది తేడా నుంచే మెదడు లోతును రాబడుతుందని చార్లెస్ వీట్‌స్టోన్ 1838లో లండన్‌లో రుజువు చేశాడు. ఒకే వస్తువును కుడి కన్ను చూసినట్టు ఒక బొమ్మ, ఎడమ కన్ను చూసినట్టు ఇంకో బొమ్మ వట్టి గీతలతో గీసి, అద్దాల సాయంతో ఒక్కొక్క కంటికి ఒక్కొక్కటి చూపితే, కాగితం మీది గీతలు గాలిలో నిలబడిన వస్తువుగా కనిపించాయి.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. కంటికి ఆనే రెండు బొమ్మల తేడాను కోణంగా కొలుస్తారు. మంచి చూపు ఉన్నవారు డిగ్రీలో 180వ వంతు తేడాను కూడా పసిగడతారని అనుకుందాం. మీరు మగ్గం మీదికి వంగి పని చేసేటప్పుడు గుడ్డ కంటికి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఆ దూరంలో సూది మొన పూస కన్నా పావు మిల్లీమీటరు పైకున్నా మెదడుకు తెలిసిపోతుంది. అదే సామర్థ్యంతో 50 మీటర్ల దూరంలోని రెండు చెట్లను చూస్తే, వాటి మధ్య సుమారు 4 మీటర్ల ఎడం ఉంటే తప్ప ఏది ముందో ఈ పద్ధతిలో తెలియదు. దూరం రెట్టింపైతే ఈ ఆనవాలు నాలుగో వంతుకు పడిపోతుంది. కనుక మీరు బస్సులోంచి చూసిన కొండల విషయంలో రెండో కన్ను ఉన్నప్పుడు కూడా దాదాపుగా ఏమీ చేయడం లేదు. లేనిది పోయినా తెలియకపోవడం సహజమే. మీ పూసల పళ్లెం దగ్గర మాత్రం పనంతా అదే చేస్తూ వచ్చింది.

పైగా బస్సు కిటికీ ఒంటి కంటికి ఎంతో అనుకూలమైన చోటు. బస్సు కదులుతుంటే దగ్గరి స్తంభాలు వేగంగా వెనక్కి పరుగెత్తుతాయి, పొలం మధ్యలోని తాడిచెట్టు నెమ్మదిగా జరుగుతుంది, కొండ దాదాపు మనతోనే వస్తుంది. రెండు కళ్లు ఒకే క్షణంలో రెండు చోట్ల నుంచి చూసి తెలుసుకునే విషయాన్ని, కదిలే ఒంటి కన్ను ఒకదాని తరువాత ఒకటిగా అనేక చోట్ల నుంచి చూసి తెలుసుకుంటుంది. దీనికి తోడు చెట్టు కొండకు అడ్డుపడటం, దూరపు చెట్టు చిన్నదిగా ఆనడం, దూరపు కొండ పొగమంచులో నీలిగా వెలిసిపోవడం వంటివి ఉండనే ఉన్నాయి. మగ్గం ముందు మీరు తల కదపకుండా కూర్చుంటారు; అక్కడ ఈ సాయాలేవీ అందవు.

ఈ లెక్క మెదడులో ఎక్కడ జరుగుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే ఆ ఏర్పాటు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒక్కొక్క కంటి నుంచి సుమారు పది లక్షల నరపు పోగులు బయలుదేరతాయి. ముక్కు వైపున్న సగం పోగులు దారి మధ్యలో అవతలి వైపుకు దాటుతాయి, మిగిలిన సగం దాటవు. దీనివల్ల మనకు ఎడమ వైపున కనిపించే లోకం, రెండు కళ్లలో ఏ కంటి ద్వారా వచ్చినా, మెదడు కుడి సగానికే చేరుతుంది. ఒకే దృశ్యపు రెండు ప్రతులను పోల్చి చూడాలంటే రెండూ ఒకే చోటికి రావాలి కదా. అయినా అవి వెంటనే కలవవు. దారిలో మెదడు నడిమి భాగమైన థాలమస్‌లో ఒక మజిలీ ఉంది, దానిలో ఆరు పొరలుంటాయి. అక్కడ ఒక్కొక్క పొర ఒక్కొక్క కంటిదే. తల వెనక భాగంలోని దృష్టి కార్టెక్స్‌కు, అంటే చూపు పని చూసే మెదడు పైపొరకు, చేరాక గాని రెండు కళ్ల కబుర్లూ ఒకే నాడీకణంలో కలవవు. రెండు బొమ్మల మధ్య ఫలానా ఇంత తేడా ఉంటేనే స్పందించే కణాలు పిల్లి మెదడులో ఉన్నాయని బార్లో, బ్లేక్‌మోర్, పెటిగ్రూ 1967లో చూపించారు.

మీకు వస్తువులు రెండుగా కనిపించిన కారణమూ ఇక్కడే ఉంది. మెదడు రెండు బొమ్మలను ఒకటిగా కలపగలిగేది వాటి తేడా ఒక చిన్న హద్దులో ఉన్నంతవరకే. కండరం లాగలేక ఒక కన్ను పక్కకు నిలిచిపోతే తేడా ఆ హద్దు దాటుతుంది, అప్పుడు ఒకటి రెండవుతుంది.

కట్టు ఉన్నన్నాళ్లు నీళ్లు పోసేటప్పుడు చెంబు మూతిని గ్లాసు అంచుకు ఆనించి పోయండి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోండి. డాక్టరుగారు సరేననేవరకు స్కూటీ నడపకండి.

ప్రశ్న అడిగిన పాఠకురాలు

ఎంతో ఓపికగా చెప్పారండీ, ధన్యవాదాలు. మీరు చెప్పిన వేలి పరీక్ష మా అబ్బాయి చేసి చూశాడు. ఇంకొక సందేహం మిగిలింది. మేము జాకెట్టు మీద నెమలి మెడ వెనక నుంచి ఆకు వెళ్తున్నట్టు కుట్టాలంటే, ఆకు దారాన్ని మెడ అంచు దగ్గర ఆపేసి, మెడకు అవతల మళ్లీ మొదలుపెడతాం. నిజానికి అవి విడివిడిగా కుట్టిన రెండు ముక్కలు. గుడ్డ చదును, రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి. అయినా చూసినవారెవరూ రెండు ముక్కలని అనరు, ఒకే ఆకు నెమలి వెనక నుంచి వెళ్లిందనే అంటారు. ఒంటి కంటితో చూసినా నాకూ అలాగే కనిపిస్తోంది. ఇక్కడ రెండు బొమ్మల తేడా లేదు, కదలికా లేదు. మరి మెదడు ఈ ముందువెనకలను దేన్ని చూసి నిర్ణయించింది?

సమాధానం: నాడీశాస్త్ర పరిశోధక విద్యార్థిని

మీ నెమలి ఉదాహరణను నేను మా తరగతిలో వాడుకుంటాను, అనుమతి ఇవ్వండి. దూరం కొలవడానికి ముందే మెదడు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: ఈ గీత ఎవరిది? నెమలి మెడకూ ఆకుకూ మధ్య ఒకే అంచు ఉంది. ఆ అంచు మెడదైతే ఆకు దాని వెనక కొనసాగుతున్నట్టు; ఆకుదైతే అక్కడితో ఆకు తెగిపోయినట్టు. ఏది దేనిలో భాగమో తేలకుండా ఏది దేనికి ముందో తేలదు, ముందువెనకలు తేలకుండా భాగాలూ పూర్తిగా తేలవు. ఈ రెండింటినీ మెదడు కలిపే పరిష్కరిస్తుందని నా అభిప్రాయం.

కళ్ల నుంచి వచ్చిన సమాచారం మెదడులో మొదట ఒక పటంలా పరుచుకుంటుంది. దృశ్యంలో పక్కపక్కన ఉన్నవి కార్టెక్స్‌లోనూ పక్కపక్కనే ఉంటాయి, కాని కొలత సమానంగా ఉండదు; చూపు నిలిచే నడిమి చోటుకు చాలా పెద్ద స్థలం, అంచులకు చాలా చిన్న స్థలం దక్కుతాయి. ఈ పటం తొలుత తెలిసిన తీరు బాధ కలిగించేది. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో తల వెనక తుపాకి గుండ్లు దూసుకుపోయి బతికిన సైనికులను తత్సుజీ ఇనోయే అనే జపాన్ కంటి వైద్యుడు పరీక్షించి, గాయం ఎక్కడైతే చూపులో ఏ భాగం పోయిందో ఒక్కొక్కరి దగ్గర కొలిచి, 1909లో ఆ వివరాలు ప్రచురించాడు.

ఆ తొలి పటంలో ఒక్కొక్క కణం చిన్న కిటికీలోంచి చూస్తున్నట్టు ఒక గీత ముక్కను మాత్రమే చూస్తుంది. ముక్కలను కలిపేందుకు కొన్ని మొగ్గులు ఉన్నాయని మాక్స్ వెర్తైమర్ 1923లోనే చెప్పాడు: దగ్గరగా ఉన్నవి, ఒకేలా ఉన్నవి, కలిసి కదిలేవి, ఒకే వంపులో సాగేవి ఒక జట్టుగా కనిపిస్తాయి. మీ ఆకు రెండు ముక్కల అంచులు ఒకే వంపులో ఉన్నాయి. మీరు అలా ముద్ర వేసుకున్నారు కాబట్టే అవి ఒకే ఆకు అయ్యాయి. ఈసారి కావాలని అవతలి ముక్కను అర సెంటీమీటరు పక్కకు జరిపి కుట్టి చూడండి, ఆకు విరిగిపోతుంది.

దీనికి కణాల స్థాయిలో సాక్ష్యముంది. తొలి పటానికి పక్కనే ఉన్న రెండో ప్రాంతంలో, అసలు గీయని అంచుకు కూడా, అంటే చుట్టూ ఉన్న ఆకారాల వల్ల అక్కడ అంచు ఉన్నట్టు అనిపించినప్పుడు, స్పందించే కణాలు కోతుల మెదడులో ఉన్నాయని రూడిగర్ ఫాన్ డెర్ హైట్ బృందం 1984లో చూపింది. 2000లో అదే శాస్త్రజ్ఞుడి బృందం ఇంకా ముందుకు వెళ్లింది. కణం కిటికీలో కనిపించే అంచు ముక్క అచ్చంగా ఒకటే అయినా, ఆ అంచు కుడి వైపు ఆకారానిదైతే ఒక కణం గట్టిగా, ఎడమ వైపు ఆకారానిదైతే బలహీనంగా పలికింది. మీరు అడిగిన "దేన్ని చూసి నిర్ణయించింది" అన్న ప్రశ్నకు ఇంతకన్నా దగ్గరి జవాబు నాకు తెలియదు: గీత ఎవరిదో చెప్పే పనికే మెదడు కణాలను కేటాయించింది.

మరో పరీక్ష కూడా మీ పనిలోనే దొరుకుతుంది. ఎత్తుగా కుట్టిన ముడులను పైనుంచి వెలుతురు పడేలా ఫోటో తీసి, ఫోన్‌లో ఆ ఫోటోను తలకిందులుగా తిప్పి చూడండి. చాలామందికి ముడులు గుంటలుగా కనిపిస్తాయి. వెలుతురు ఎప్పుడూ పైనుంచే వస్తుందని మెదడు ముందే నమ్మి కూర్చుంటుంది. పైభాగం వెలుగుగా ఉంటే బొడిపె, కిందిభాగం వెలుగుగా ఉంటే గుంట అనుకుంటుంది. చెన్నైలో చదువుకున్న వి.ఎస్. రామచంద్రన్ 1988లో దీన్ని వట్టి గుండ్రటి మచ్చలతోనే ఎంతో అందంగా నిరూపించారు.

సమాధానం: క్రికెట్ నేర్పే పాఠకుడు

నీళ్లు గ్లాసు బయట పడుతున్నాయన్న మీ మాట చదవగానే నాకు పటౌడీ గుర్తుకు వచ్చారు. మన్సూర్ అలీ ఖాన్ పటౌడీకి 1961 జూలై 1న ఇంగ్లండ్‌లోని హోవ్‌లో జరిగిన కారు ప్రమాదంలో కుడి కంటి చూపు దాదాపుగా పోయింది. సిగరెట్ వెలిగించబోతే అగ్గి దాని కొసను తప్పిపోయేదని, కూజాలోని నీళ్లు గ్లాసులో కాక బల్ల మీద పడేవని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆరు నెలలు తిరగకుండానే హైదరాబాద్‌లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద ఆడినప్పుడు, ఆ కంటికి కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటే బంతులు రెండు కనిపించాయట. లోపలి వైపు బంతిని ఎంచుకుని ఆడుతూ టీ విరామం దాకా లాక్కొచ్చి, తరువాత లెన్స్ తీసేసి, ఆ కన్ను మూసుకుని ఆడి 70 పరుగులు చేశారు. ఆ డిసెంబర్‌లోనే టెస్ట్ జట్టులోకి వచ్చారు, 21 ఏళ్లకే కెప్టెన్ అయ్యారు, మొత్తం 46 టెస్టుల్లో 6 శతకాలు కొట్టారు.

గ్లాసు కష్టమై బంతి సాధ్యమవడం వింతగా అనిపించవచ్చు. వచ్చే బంతి కంటిలో ఎంత వేగంగా పెద్దదవుతోందో చూసి అది ఎప్పుడు చేరుతుందో మెదడు అంచనా వేయగలదు. దానికి ఒక కన్ను చాలు. నిశ్చలంగా ఉన్న గ్లాసు దగ్గర ఆ సాయం దొరకదు. అయినా ఇది తేలిగ్గా అబ్బిందని ఎవరూ అనుకోవద్దు. ఆయన ఎన్నో గంటలు నెట్స్‌లో గడిపి కొత్తగా నేర్చుకున్న చూపు అది.

సమాధానం: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు

ఈ చర్చ చదువుతున్న తల్లిదండ్రుల కోసం ఒక మాట చెప్పాలనిపించి రాస్తున్నాను. నా తరగతిలో ఒక పాపకు కొద్దిగా మెల్లకన్ను ఉండేది. బంతి విసిరితే చేతులు ఎప్పుడూ ఆలస్యంగా మూసేది, భయస్తురాలని అనుకున్నాం. మెల్లకన్ను అదృష్టమని ఇంట్లో పెద్దలు పరీక్ష చేయించలేదు. చేయించేసరికి ఆ కన్ను మందగించిందని తేలింది. ఆ కంటికి పని చెప్పడానికి బాగున్న కన్నుకు రోజూ కొన్ని గంటలు కట్టు కట్టారు, చూపు చాలావరకు మెరుగుపడింది. ముందే వెళ్లి ఉంటే బాగుండేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పెద్దవారికి కన్ను పక్కకు తిరిగితే రెండుగా కనిపిస్తుంది. చిన్నపిల్లల మెదడు ఆ గందరగోళాన్ని భరించకుండా ఒక కంటి కబురునే పక్కన పెట్టేస్తుంది, అందుకే పిల్లలు ఫిర్యాదు చేయరు. పిల్లికూనలకు ఒక కన్ను తొలి నెలల్లో మూసి ఉంచితే, తరువాత తెరిచినా కార్టెక్స్‌లో ఆ కంటి మాట వినే కణాలు దాదాపు మిగలలేదని హ్యూబెల్, వీజెల్ 1963లో చూపారు. 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

అలాగని వయసు దాటితే అన్ని దారులూ మూసుకుపోతాయని కాదు. పసితనం నుంచి మెల్లకన్ను ఉన్న సూసన్ బారీ అనే అమెరికన్ నాడీశాస్త్రవేత్తకు 48వ ఏట, కంటి వ్యాయామాల తరువాత, రెండు కళ్ల లోతు తెలియడం మొదలైంది. కారులో కూర్చుంటే స్టీరింగ్ చక్రం తన వైపుకు పొడుచుకు వచ్చినట్టు కనిపించిందని ఆమె చెప్పారు. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయానికి చెందిన పవన్ సిన్హా నడిపే ప్రకాశ్ ప్రాజెక్టు ద్వారా ఉత్తర భారతంలో పుట్టుగుడ్డి పిల్లలకు శస్త్రచికిత్సలు జరిగాయి. కొత్తగా చూపు వచ్చినవారికి ఒకదాని మీద ఒకటి పడిన రెండు ఆకారాలు రెండుగా కాక అనేక ముక్కలుగా కనిపించాయి. ఆకారాలను కదిలించి చూపినప్పుడు మాత్రం ఏది దేనిదో పోల్చుకోగలిగారు. పైన అమ్మాయి చెప్పిన "గీత ఎవరిది" అన్న ప్రశ్న వారికి ఎంత కష్టమైనదో, కదలిక ఎంత సాయపడిందో చూడండి.

ప్రశ్న అడిగిన పాఠకురాలు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఫోటో తిప్పి చూశాను, ముడులు నిజంగానే గుంటలయ్యాయి. మా అబ్బాయి ఎంత చెప్పినా నమ్మక నాలుగుసార్లు తిప్పాడు. నెమలి బొమ్మను సంతోషంగా వాడుకోండమ్మా.

మీ అందరి మాటలు చదివాక నేనొక ఉపాయం కనిపెట్టాను. తల అటూ ఇటూ కదిపి చూస్తే సూది ఎక్కడుందో తెలుస్తోంది గాని, కింద ఎడమ చేతిలోని దారం బిగువు తప్పుతోంది. అందుకని టేబుల్ దీపాన్ని నెత్తి మీద నుంచి తీసి కుడి పక్కకు, గుడ్డకు దగ్గరగా జరిపాను. ఇప్పుడు సూది నీడ గుడ్డ మీద పొడుగ్గా పడుతోంది. సూదిని దించుతుంటే నీడ మొన దాని వైపు జరుగుతూ వస్తుంది. రెండు మొనలూ కలిసిన చోటే గుడ్డ తగులుతుంది. పూసలు ఎత్తడానికీ అదే చూస్తున్నాను. ఇది నా ఊహా, లేక మెదడు నీడను కూడా నిజంగా లెక్కలోకి తీసుకుంటుందా?

సమాధానం: ఆప్టోమెట్రీ బోధించే అధ్యాపకుడు

ఊహ కాదండీ. బంతి బొమ్మను అచ్చంగా ఒకే దారిలో కదిలిస్తూ దాని నీడ దారిని మాత్రం మారిస్తే, ఒకసారి బంతి నేల మీదే దొర్లినట్టు, ఇంకోసారి గాలిలోకి లేచినట్టు కనిపిస్తుందని డేనియల్ కెర్స్‌టెన్, ఆయన సహచరులు కంప్యూటర్ బొమ్మలతో చూపారు. వస్తువుకూ నీడకూ మధ్య ఎడాన్ని మెదడు ఎత్తుగా చదువుకుంటుంది. దీపం ఎంత పక్కగా ఉంటే నీడ అంత పొడవవుతుంది, చిన్న ఎత్తు కూడా పెద్దగా తెలుస్తుంది. దీపం మరీ కిందికి దించితే గుడ్డ నేత నీడలే అడ్డం వస్తాయి కనుక ఒక మధ్యస్థపు ఎత్తు చూసుకోండి. దీపం ఒక్కటే ఉండేలా పైనున్న ట్యూబ్‌లైటు ఆర్పేయండి, లేకపోతే సూదికి రెండు నీడలు పడి ఏది కలవాలో తెలియదు.